ఆ లేన్‌లో మన కుర్చీ ఏది?

(డిసెంబర్ 3 వికలాంగుల దినం సందర్భంగా ఒక మండల కేంద్రంలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని పిలిచినప్పుడు మిత్రులు "పింఛన్ల గురించి, సర్టిఫికెట్ల గురించి చెప్పండి సార్" అన్నారు. వాటి గురించి నాకంటే వివరంగా చెప్పగలిగిన వాళ్ళు నా తర్వాత మాట్లాడతారు. నేను బడిపంతులును. మా బడికి పీఈటీ లేడు కాబట్టి ఆటల పీరియడు కూడా నా నెత్తినే ఉన్నది. అందుకని ఇవాళ ఒక పరుగు పందెం గురించి మాట్లాడతాను. మగవాళ్ళ వంద మీటర్ల పందెం. పద్నాలుగు సెకన్లలో అయిపోయేది. కాళ్ళతో పరిగెత్తేది కాదు, చక్రాల కుర్చీతో.

వికలాంగుల సభలో ఆటల ముచ్చటేందని వెనక ఎవరో గొణుగుతున్నరు, వినబడ్డది. అన్నానికే గతి లేనోనికి ఆటలెందుకు అన్న మాట మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ మాట అన్నోళ్ళ పిల్లలకు మాత్రం టెన్నిస్ కోర్టులుంటయి, ఈత కొలనులుంటయి. కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

2012 లండన్ పారాలింపిక్స్‌లో ఫిన్లాండ్ దేశస్థుడు లియో పెక్కా తాహ్తి వంద మీటర్లను 13.63 సెకన్లలో దాటాడు. ఆ రోజుకు అది ప్రపంచ రికార్డు. లెక్క తీస్తే గంటకు 26 కిలోమీటర్లకు పైన. అదీ ఆగి ఉన్న చోటు నుంచి బయల్దేరితే వచ్చిన సగటు. ఈ మనిషి వెన్నెముక లోపంతో పుట్టినవాడు. 2004 ఏథెన్స్, 2008 బీజింగ్, 2012 లండన్, 2016 రియో, వరసగా నాలుగు పారాలింపిక్స్‌లో ఇదే వంద మీటర్ల బంగారు పతకం ఇతనే పట్టుకుపోయాడు. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో థాయిలాండ్ యువకుడు అతివత్ పేంగ్‌నుయా ఇతన్ని రెండో స్థానానికి నెట్టాడు. 2024 పారిస్‌లో మెక్సికోకు చెందిన హువాన్ పాబ్లో సెర్వాంతెస్ గెలిచాడు. ఫిన్లాండ్ సంగతి పక్కనబెట్టండి. థాయిలాండ్, మెక్సికో మనలాగే ఎండలో మాడే దేశాలు. డబ్బులో అమెరికా, జర్మనీలతో తూగేవి కావు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

కాళ్ళతో పరిగెత్తిన ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లు తీసుకున్నాడు. చూశారా, నాలుగు సెకన్లు తేడా, ఎంతైనా కుంటివాడు కుంటివాడే అనే పెద్దమనుషులు ఉంటారు. సరే, వాళ్ళను ఎనిమిది వందల మీటర్ల దాకా నడిచి రమ్మనండి. కాళ్ళతో ఆ దూరాన్ని కెన్యా వీరుడు డేవిడ్ రుడిషా 2012లో ఒక నిమిషం 40.91 సెకన్లలో పరిగెత్తాడు. చక్రాల కుర్చీ మొనగాళ్ళు అదే దూరాన్ని నిమిషంన్నర అటూఇటుగా ముగిస్తున్నారు. మారథాన్‌కు పోతే ఇంకా చిత్రం. స్విట్జర్లాండ్ మనిషి మార్సెల్ హుగ్ 2021లో జపాన్‌లోని ఓయిటాలో 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఒక గంట 17 నిమిషాల 47 సెకన్లలో కొట్టాడు. కాళ్ళున్న వీరాధివీరులకు రెండు గంటలు పడుతుంది. మరి వంద మీటర్లలో ఎందుకు వెనక? చేతుల్లో బలం లేకనా? కాదు. బయల్దేరడం కష్టం గనుక.

దీన్ని కొంచెం విడమరిచి చెప్పాలె. కాళ్ళతో పరిగెత్తేవాడికి తన్ని లేవడానికి వెనక దిమ్మెలుంటాయి. కుర్చీవాడికి అవి లేవు. ఆగి ఉన్న బండిని, దాని మీద తన ఒంటి బరువును మొత్తం రెండు చేతులే కదిలించాలి. మనూళ్ళో బురదలో దిగబడ్డ బండిని తోసినవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు. మొదటి తోపుకు ప్రాణం పోతది, కదిలినంక దానంతటదే పోతది. వంద మీటర్లలో ఆ మొదటి నాలుగైదు తోపులే మనిషి తలరాత రాస్తాయి. అందుకే ఈ పందెంలో తుపాకి పేలినప్పుడు చూస్తే, అందరూ తల మోకాళ్ళ దాకా వంచి, చిన్నచిన్నగా, గట్టిగట్టిగా కొడుతుంటారు. వేగం అందుకున్నాక దెబ్బ పొడవు పెరుగుతుంది. పెద్ద చక్రానికి బయటివైపు కడియం లాంటి చిన్న రింగు ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని పట్టుకొని తిప్పరు. గట్టి ప్లాస్టిక్ చేతితొడుగులతో పైనుంచి కిందికి గుద్దుతారు. పట్టుకుంటే ఆలస్యం. గుద్ది వదిలేయాలె, మళ్ళీ చేయి వెనక్కి లేవాలె.

ఆ కుర్చీ మన ఆస్పత్రి కుర్చీ కాదు. మూడు చక్రాలు. వెనక రెండు పెద్దవి, ముందు సాగదీసిన కర్ర చివర ఒక చిన్నది. వెనక చక్రాలు పైన దగ్గరగా, కింద ఎడంగా, ఏటవాలుగా ఉంటాయి. అప్పుడే బోల్తా పడదు, మోచేతులు తగలవు. చాలామంది అందులో మోకాళ్ళ మీద ముడుచుకొని కూర్చుంటారు. నిబంధనలు గట్టివి. పెద్ద చక్రం 70 సెంటీమీటర్లు దాటకూడదు, చిన్నది 50 దాటకూడదు. చక్రానికి ఒకే రింగు. గేర్లు, తొక్కుడు కడ్డీలు, చేతితో తిప్పే పెడల్ ఏవీ ఉండకూడదు. అంటే మన క్యాంపుల్లో దండలేసి, ఫోటోలు దిగి పంచే చేతి పెడల్ మూడు చక్రాల బండిని ఆ ట్రాక్ మీదికే రానివ్వరు. కాన్పూరులో 1972లో పెట్టిన అలిమ్‌కో కంపెనీ నుంచి ఆ బండ్లు వస్తాయి. ఆ బండి వల్ల ఎందరో ఇల్లు దాటి బయటికొచ్చారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అది సంతకు పోయే బండి, పందేనికి పోయే బండి కాదు. సర్కారు దృష్టిలో మనం సంత దాకా పోతే చాలు.

ఇక అసలు ముచ్చట. ఈ పందెంలో అందరినీ ఒక్క గీత మీద నిలబెట్టరు. టీ51, టీ52, టీ53, టీ54 అని నాలుగు తరగతులున్నాయి. మెదడు పక్షవాతం వల్ల కుర్చీ ఎక్కినవాళ్ళకు టీ33, టీ34 అని వేరే ఉన్నాయి. టీ54 అంటే చేతులు పూర్తిగా పనిచేస్తాయి, నడుము కొంతైనా పనిచేస్తుంది. టీ53లో చేతులు బాగుంటాయి, నడుముకు పట్టుండదు. టీ52, టీ51 అంటే దెబ్బ మెడ దగ్గర తగిలినవాళ్ళు, లేదా అంత లోపం ఉన్నవాళ్ళు. వేళ్ళు ముడుచుకోవు, టీ51 వాళ్ళకు మోచేయి చాపే కండరం కూడా సరిగ్గా పలకదు. వీళ్ళు వంద మీటర్లకు దాదాపు ఇరవై సెకన్లు తీసుకుంటారు. తాహ్తి 13.63కూ వీళ్ళ ఇరవైకీ మధ్య ఉన్న తేడా శ్రమలో తేడా కాదు, మెడ ఎముక ఎక్కడ విరిగిందన్న తేడా. పోటీ పెట్టేవాళ్ళు ముందు దాన్ని కొలుస్తారు. కండరాన్ని పట్టి చూస్తారు, ఎంత పలుకుతుందో మార్కులేస్తారు, ఆ తర్వాతే లేన్ ఇస్తారు. టీ51లో గెలిచినవాడికి ఇచ్చే బంగారు పతకం టీ54 వాడికిచ్చే పతకమంత బరువే ఉంటుంది. దీనివల్ల ప్రతిభకు అన్యాయం జరిగిందని ఏ పత్రికైనా సంపాదకీయం రాసిందా? నేను చూడలేదు. అదే మాట ఉద్యోగం దగ్గర, మెడికల్ సీటు దగ్గర అంటే మాత్రం ఊళ్ళు తగలబెట్టినంత గోల చేస్తారు.

ఈ కొలతల్లో మోసాలు జరగవా అంటే జరుగుతాయి. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వికలాంగుల బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ జట్టు బంగారు పతకం గెలిచింది. తర్వాత చూస్తే పన్నెండు మందిలో పదిమందికి ఏ లోపమూ లేదు. దొంగ సర్టిఫికెట్లు మన దగ్గరే పుట్టినయనుకునే వాళ్ళకు ఇది చెప్తున్న. అయితే శిక్ష ఎవరికి పడింది? అసలైన మేధో వికలాంగులకు. వాళ్ళ పోటీలన్నీ ఎత్తేశారు, మళ్ళీ 2012 లండన్ దాకా లేవు. మన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్‌లో నాలుగు వందల మీటర్లలో కంచు పతకం తెచ్చింది కదా, ఆమె పరిగెత్తిన టీ20 ఆ తరగతే. ఎవడో చేసిన దొంగతనానికి ఆ తలుపు మూసే ఉంచి ఉంటే ఆ పిల్ల ఎక్కడ పరిగెత్తేది? దొంగలు దొరికినప్పుడల్లా పథకమే రద్దు చేయాలనేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోవాలె.

ఈ కుర్చీ పందేలు ఎక్కడ పుట్టినయో చూద్దాం. స్టేడియంలో కాదు, ఆస్పత్రిలో. ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ అనే ఊళ్ళో, రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నెముక విరిగిన సైనికుల కోసం 1944లో ఒక వార్డు తెరిచారు. దాని డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీలో పుట్టిన యూదు. యూదుడన్న ఒక్క కారణానికి హిట్లర్ మనుషులు ఆయన్ని మామూలు ఆస్పత్రి నుంచి గెంటేస్తే, 1939లో పెళ్ళాం పిల్లలతో ఇంగ్లండు చేరాడు. పుట్టుకను బట్టి వెలివేయబడినవాడి చేతికే, ఇక పనికిరారని మంచానికి వెలివేయబడినవాళ్ళు దొరికారు. అప్పట్లో వెన్నెముక విరిగినవాళ్ళను కదలకుండా పడుకోబెట్టేవారు. వాళ్ళు దెబ్బతో చచ్చేవారు కాదు. పడక పుండ్లతో, మూత్రం చీముపట్టి చచ్చేవారు. ఆయన చేసిన పని మంత్రం కాదు, రెండు గంటలకొకసారి మనిషిని అటు ఇటు తిప్పించడం. పగలూ రాత్రీ. తర్వాత చేతికి బంతి ఇచ్చాడు, విల్లు ఇచ్చాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆ ఆస్పత్రి ఆవరణలో పదహారు మంది విలువిద్య పోటీ పడ్డారు. 1960లో రోమ్‌లో 23 దేశాల నుంచి నాలుగు వందల మంది వచ్చారు. 1964లో టోక్యోలో మొట్టమొదటిసారి కుర్చీ పరుగు పెట్టారు. ఎంత దూరం? అరవై మీటర్లు. మన బడి ఆవరణ అంత.

ఇంగ్లండుకు సైనికులైతే, మనకెవరు? మన దగ్గర వెన్నెముక విరిగేది ఎవరికి? తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికునికి. సెంట్రింగు కర్ర జారి మూడో అంతస్తు నుంచి పడ్డ మేస్త్రీకి. బస్తాల లారీ మీది నుంచి పడ్డ హమాలీకి. గీత కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం 2024లో మొదలుపెట్టింది. మంచిదే. అంతకుముందు తరతరాలు పడ్డవాళ్ళ లెక్క ఎవరు తీస్తారు? మా పక్క ఊళ్ళో ఒకాయన పడ్డాడు. ముప్పై రెండేళ్ళ మనిషి, చెట్టు ఎక్కి ఎక్కి భుజాలు ఇనుములాగ ఉండేవి. పెద్దాస్పత్రిలో ఆపరేషన్ చేసి, కాగితాలు చేతిలో పెట్టి ఇంటికి పంపారు. రెండు గంటలకొకసారి తిప్పాలె అన్న ఒక్క ముక్క ఆయన భార్యకు ఎవరూ చెప్పలేదు. పధ్నాలుగు నెలలకు పుండ్లతో చనిపోయాడు. 1944లో ఇంగ్లండు వార్డులో తెలిసిన సంగతి మన ఊరికి ఇంకా నడిచి రాలేదు. చెట్టెక్కే ఆ భుజాలు రింగును గుద్దితే ఎట్లుండేదో అని ఈ పందేలు చూసినప్పుడల్లా నాకనిపిస్తది. పందెం సంగతి తర్వాత, ముందు బతకాలె గదా.

మన దేశంలో సైనికునికి మాత్రం దారి దొరికింది. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడిన మురళీకాంత్ పేట్కర్ సైనిక ఆస్పత్రిలో ఈత మొదలుపెట్టి, 1972లో హైడెల్‌బర్గ్‌లో యాభై మీటర్ల ఈతలో 37.33 సెకన్లతో బంగారు పతకం తెచ్చాడు. పారాలింపిక్స్‌లో దేశానికి మొదటి బంగారం. ఆయనకు పద్మశ్రీ 2018లో ఇచ్చారు. నలభై ఆరేళ్ళు ఆగి! సైనికునికే ఇంత ఆలస్యమైతే గీత కార్మికుని సంగతి మీరే చెప్పండి.

ఇప్పుడు థాయిలాండ్, మెక్సికోల దగ్గరికి వస్తున్నా. మనం 2024 పారిస్‌లో 29 పతకాలు గెలిచాం. టోక్యోలో 19. గర్వపడాల్సిందే. కానీ ఆ 29లో కుర్చీ పరుగుది ఒక్కటీ లేదు. 19లోనూ లేదు. 2025లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ మన ఢిల్లీలోనే జరిగితే 22 పతకాలొచ్చాయి, అందులోనూ లేదు. అట్లని మన కుర్చీ మనుషులు గెలవడం లేదా? గెలుస్తున్నారు. పారిస్‌లో క్లబ్ త్రోలో ధరంబీర్‌కు బంగారం, ప్రణవ్ సూర్మాకు వెండి వచ్చాయి. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్ళ ఎఫ్51 తరగతి అది. 2016 రియోలో దీపా మలిక్ షాట్‌పుట్‌లో వెండి తెచ్చింది. ఇవన్నీ ఏ పోటీలు? కూర్చొని విసిరేవి. కుర్చీని నేలకు తాళ్ళతో, గొలుసులతో కట్టేస్తారు, అది కదలకూడదు. ఆ కుర్చీని ఏ వెల్డింగు షాపులోనైనా చేయించుకోవచ్చు. మన కుర్చీ కట్టేసిన చోట పతకాలొస్తున్నయి, కుర్చీ కదలాల్సిన చోట రావడం లేదు. భుజాలు రెండు చోట్లా అవే. తేడా ఎక్కడున్నది?

పరుగు కుర్చీ లక్షల రూపాయలవుతుంది. మనిషి ఒంటి కొలతలకు చేయాలి. నడుము ఒక్క అంగుళం వదులైతే బలమంతా ఊగిసలాటలో పోతుంది. పైగా పెరిగే పిల్లవాడికి రెండేళ్ళకే కుర్చీ చిన్నదవుతుంది. కాళ్ళతో పరిగెత్తే పేదపిల్ల ఉత్తికాళ్ళతోనైనా మొదలుపెడుతుంది, ఎవరో ఒక కోచ్ కంట్లో పడుతుంది. కుర్చీ పిల్లవాడు ఉత్తి నేల మీద ఏం చేస్తాడు? వాడి ప్రతిభ ఎవరికీ కనిపించదు, ఎందుకంటే అది కనిపించాలంటే ముందు లక్షల రూపాయల వస్తువు కావాలి. ఇది కేవలం పేదరికం వల్ల అనలేం. టీ34లో ట్యునీషియా మనిషి వాలిద్ క్తిలా 2012 నుంచి మూడు పారాలింపిక్స్‌లో వరసగా వంద మీటర్లు గెలిచాడు. టోక్యోలో టీ53 వంద, నాలుగు వందలు, ఎనిమిది వందలు మూడూ థాయిలాండ్ పొంగ్‌సాకోర్న్ పేయో ఒక్కడే గెలిచాడు. చిన్న దేశాలు, కానీ కుర్చీ ఇచ్చాయి, ట్రాక్ ఇచ్చాయి. మనం పేరు ఇచ్చాం. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో "దివ్యాంగులు" అనమన్నారు, మర్నాటి నుంచి బోర్డులు మారడం మొదలైంది. బోర్డు మారిన ఆఫీసు మెట్లు మాత్రం అవే మెట్లు.

చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ మొత్తం ఆటల గురించే. వికలాంగులు ఆటల్లో సమానంగా పాల్గొనేలా సౌకర్యాలు, పరికరాలు ప్రభుత్వమే చూడాలని ఉంది. గ్వాలియర్‌లో 2023లో వికలాంగుల ఆటల శిక్షణ కేంద్రం తెరిచారు. గ్వాలియర్ మనకెంత దూరం? ఊళ్ళో బడి గేటు దగ్గర రెండు మెట్లు ఎక్కలేనోడు గ్వాలియర్ దాకా ఎట్ల పోతడు? అందుకని మన డిమాండు జిల్లా స్టేడియం దగ్గర మొదలు కావాలె. జావెలిన్లు, హర్డిల్స్ ఎట్ల స్టోర్ రూంలో ఉంటయో అట్లనే రెండు మూడు సైజుల పరుగు కుర్చీలు ఉండాలె. వానాకాలంలో లోపలే సాధన చేసేందుకు చక్రాల కింద తిరిగే రోలర్లు ఉంటయి, అవి ఉండాలె. ఎవడో ఒక్కడికి కానుకగా ఇచ్చి ఫోటో దిగుడు కాదు, అది ఉమ్మడి సామాను కావాలె. ఆ దరఖాస్తు రాసి తెచ్చిన, కలెక్టర్‌కు 30వ సెక్షన్ పేరు మీదనే రాసిన. కింద సంతకాలకు జాగా వదిలిన.

ఇంకొక మాట చెప్పి ముగిస్తా. 1975లో బోస్టన్ మారథాన్‌లో బాబ్ హాల్ అనే అమెరికా యువకుడు కుర్చీతో దిగాడు. చిన్నప్పుడు పోలియో వచ్చినవాడు. మూడు గంటల్లోపు వస్తేనే సర్టిఫికెట్ అన్నారు. రెండు గంటల 58 నిమిషాలకు వచ్చాడు. తర్వాత ఆయనే పరుగు కుర్చీలు తయారుచేసే పని పెట్టుకున్నాడు. ఇవాళ మార్సెల్ హుగ్ కుర్చీని కార్ల రేసుల కంపెనీ వాళ్ళు గాలి సొరంగంలో పెట్టి పరీక్షించి ఇస్తున్నారు గానీ, మొదట్లో ఆస్పత్రి కుర్చీని కోసి, వంచి, అతుకు పెట్టింది ఆ కుర్చీ మీద కూర్చున్నవాళ్ళే. మన దగ్గర ట్రాలీలు, నాగళ్ళు అతికే పిల్లలు వాడకొకడున్నడు. సర్కారు కుర్చీ వచ్చినప్పుడు వస్తది, నేర్చుకునేందుకు ఒకటి మనం చేసుకుంటే ఎవరు వద్దంటరు? కొలతలు చెప్పిన గదా, పెద్ద చక్రం 70 సెంటీమీటర్లు, చిన్నది 50కి లోపు, ఒకే రింగు, గేర్లు లేవు. బస్టాండు దగ్గరి వెల్డింగ్ షాపు తమ్ముడు టేపు పట్టుకొని వచ్చిండు, ఆ వేపచెట్టు కింద నిలబడ్డడు. పిల్లల్లో ఎవరు కూర్చుంటరో వాళ్ళు సభ అయినంక కొలతలు ఇచ్చి పోండి.